విశ్వవిద్యాలయం విలువను దేనితో తూచాలి?

ఖతార్‌లో ఉద్యోగరీత్యా నివసించే తెలుగు కుటుంబాలకు పన్నెండవ తరగతి వరకు పిల్లల చదువు పెద్ద చిక్కు తెచ్చిపెట్టదు. దోహాలో భారతీయ పాఠశాలలున్నాయి, పరిచితమైన పాఠ్యప్రణాళిక ఉంది, ఇంటి భోజనం ఉంది. అసలు పరీక్ష ఆ తరువాత మొదలవుతుంది. దానిని విద్యార్థితో పాటు తల్లిదండ్రులూ రాయవలసి ఉంటుంది. పేరుమోసిన ప్రైవేటు విశ్వవిద్యాలయానికి పంపాలా, ఉన్నతశ్రేణి ప్రభుత్వ విశ్వవిద్యాలయం చాలునా అన్నది ఆ ప్రశ్నపత్రంలో మొదటి ప్రశ్న.

గల్ఫ్ దేశాలలోని కుటుంబానికి ఈ ప్రశ్న మరింత బరువైనది. అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో స్థిరపడిన వారికి పౌరసత్వమో, శాశ్వత నివాసమో అండగా ఉంటుంది. ఖతార్‌లో నివాసం సాధారణంగా ఉద్యోగంతో ముడిపడినది. ఉద్యోగం ముగిసిన నాడు సంపాదనతో పాటు నివాసమూ ముగుస్తుంది. బిడ్డకు కళాశాల రుసుము కట్టే నాలుగేళ్ళూ, తల్లిదండ్రులు స్వదేశానికి తిరిగి వెళ్ళే ఆలోచన చేసే నాలుగేళ్ళూ తరచు ఒకటే అవుతాయి. కనుక ఈ ఎంపిక బిడ్డ భవిష్యత్తును మాత్రమే కాదు, పెద్దల వార్ధక్యాన్ని కూడా తాకుతుంది. ఇంతటి నిర్ణయాన్ని కేవలం పేరు విని చేయడం వివేకం కాదు.

ఒకే మాటకు మూడు అర్థాలు

ఈ విషయంలో కలిగే గందరగోళానికి మొదటి కారణం 'ప్రభుత్వ', 'ప్రైవేటు' అన్న మాటలకు ఒక్కొక్క దేశంలో ఒక్కొక్క అర్థం ఉండడమే.

తెలుగునాట ఉన్నతవిద్యలో 'ప్రభుత్వ' అన్న మాట గౌరవవాచకం. 1918లో ఉస్మానియా, 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఏర్పడ్డాయి. 1951లో ఖరగ్‌పూర్‌తో మొదలైన ఐ.ఐ.టి.ల పరంపర 2008లో హైదరాబాదుకు చేరింది. 1959లో వరంగల్‌లో నెలకొన్న ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల తరువాతి కాలంలో ఎన్.ఐ.టి. అయింది. వీటిలో సీటు ప్రతిభకు దక్కిన గుర్తింపు అనీ, ప్రైవేటు కళాశాలలో సీటు డబ్బుకు దక్కినదనీ ఒక తరం తల్లిదండ్రులు నమ్ముతూ వచ్చారు. 1964లో విశ్వవిద్యాలయ ప్రతిపత్తి పొందిన పిలానీలోని బిట్స్ వంటివి ప్రైవేటు సంస్థలై ఉండీ ప్రతిభకు పెద్దపీట వేసి ఆ నమ్మకానికి మినహాయింపుగా నిలిచాయి.

అమెరికా వైపు చూడగానే ఇదే కుటుంబం కొలబద్దను తలక్రిందులు చేస్తుంది. 1636 నాటి హార్వర్డు ప్రైవేటు, స్టాన్‌ఫర్డు ప్రైవేటు, ఎం.ఐ.టి. ప్రైవేటు. కాబట్టి అక్కడ ప్రైవేటుదే పైచేయి అన్న భావం ఏర్పడుతుంది. కానీ 1817లో మొదలైన మిచిగన్, 1868లో మొదలైన బర్క్‌లీ రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయాలే. విజ్ఞానశాస్త్ర పరిశోధనలో అవి ఏ ప్రైవేటు సంస్థకూ తీసిపోవు.

మూడవ అర్థం దోహాలోనే ఉంది. 1995లో ఏర్పడిన ఖతార్ ఫౌండేషన్ తన ఎడ్యుకేషన్ సిటీకి విదేశీ విశ్వవిద్యాలయాలను ఆహ్వానించింది. వర్జీనియా కామన్‌వెల్తు 1998లోనూ, కార్నెల్ వైద్యకళాశాల 2002లోనూ, టెక్సస్ ఎ అండ్ ఎం 2003లోనూ, కార్నెగీ మెలన్ 2004లోనూ, జార్జ్‌టౌన్ 2005లోనూ, నార్త్‌వెస్టర్న్ 2008లోనూ ఇక్కడ బోధన ఆరంభించాయి. వీటిలో వర్జీనియా కామన్‌వెల్తు, టెక్సస్ ఎ అండ్ ఎం స్వదేశంలో రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు, మిగిలినవి ప్రైవేటువి. దోహాలో మాత్రం అన్నింటికీ ఖతార్ ఫౌండేషన్ పోషణే ఆధారం. అదే నగరంలో ఖతార్ విశ్వవిద్యాలయం ఉంది. 1973లో ఉపాధ్యాయ శిక్షణ కళాశాలగా మొదలై 1977లో విశ్వవిద్యాలయమైన ఆ సంస్థ ఈ దేశపు అసలైన ప్రభుత్వ విశ్వవిద్యాలయం. భారతదేశపు ప్రభుత్వ విశ్వవిద్యాలయమైన పుణె విశ్వవిద్యాలయం కూడా 2021లో దోహాలో శాఖ తెరిచింది. ఇన్ని విధాల సంస్థలు ఒకే ఊరిలో ఉన్నచోట ప్రభుత్వమా, ప్రైవేటా అన్న ఒక్క ప్రశ్నతో విలువ తేలదు.

విత్తనం బలమా, నేల బలమా?

పేరుమోసిన విశ్వవిద్యాలయాల పట్టభద్రులు ఎక్కువగా సంపాదిస్తారన్నది నిజమే. ఆ ఆధిక్యం విశ్వవిద్యాలయం ఇచ్చినదా, విద్యార్థి తనతో తెచ్చుకున్నదా అన్నదే తేలవలసిన విషయం. ఇద్దరు రైతులలో ఒకరు ఏరికోరి ఎంచిన గట్టి విత్తనాన్ని ఒక పొలంలోనూ, ఇంకొకరు దొరికిన విత్తనాన్ని మరొక పొలంలోనూ చల్లారనుకుంటే, పంట చేతికి వచ్చాక మొదటి పొలం మంచిదని తీర్పు చెప్పడం న్యాయం కాదు. నేల సారం తెలియాలంటే ఒకే రకం విత్తనాన్ని రెండు పొలాలలోనూ చల్లి చూడాలి. కఠినమైన వడపోత తరువాత చేర్చుకునే విశ్వవిద్యాలయాలు ఎంచిన విత్తనాన్నే చల్లుతాయి. ఈ ఎంపిక ప్రభావాన్ని తీసివేయకుండా చేసే పోలికకు శాస్త్రీయమైన విలువ లేదు.

ఈ చిక్కును విప్పడానికి అమెరికాలో స్టేసీ డేల్, అలన్ క్రూగర్ అన్న ఆర్థికశాస్త్రజ్ఞులు ఒక ఉపాయం పన్నారు. ఒకే స్థాయి కళాశాలలకు దరఖాస్తు చేసి, ఒకే స్థాయి కళాశాలల్లో ప్రవేశం పొందిన విద్యార్థులను వారు పక్కపక్కన పెట్టి చూశారు. వారిలో కొందరు పెద్ద పేరున్న కళాశాలలో చేరారు; కొందరు అంతకన్నా తక్కువ వడపోత ఉన్న కళాశాలను ఎంచుకున్నారు. 2002లో ప్రచురితమైన ఆ అధ్యయనంలో ఈ రెండు వర్గాల తరువాతి ఆదాయాల మధ్య చెప్పుకోదగిన భేదం సగటున కనిపించలేదు. అయితే తక్కువ ఆదాయపు కుటుంబాల నుండి వచ్చినవారికి పెద్ద కళాశాల వల్ల మేలు జరిగినట్లు కనిపించింది. ఇంట్లో పెద్ద చదువులు, పెద్ద పరిచయాలు లేని బిడ్డకు విశ్వవిద్యాలయం వాటిని సమకూర్చిందని దీనికి అర్థం చెప్పుకోవచ్చు.

ఇరవై ఏళ్ళ తరువాత, 2023లో, రాజ్ చెట్టి, డేవిడ్ డెమింగ్, జాన్ ఫ్రీడ్‌మన్‌లు ఇంకా సూక్ష్మంగా పరిశీలించారు. హార్వర్డు, స్టాన్‌ఫర్డు, ఎం.ఐ.టి. వంటి పన్నెండు ప్రైవేటు విశ్వవిద్యాలయాల నిరీక్షణ జాబితాలో ఉండి, కొద్దిలో ప్రవేశం పొందినవారినీ, కొద్దిలో తప్పిపోయినవారినీ వారు పోల్చారు. అగ్రశ్రేణి ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో చేరినవారితో పోలిస్తే సగటు ఆదాయంలో భేదం స్వల్పమేనని తేలింది. శిఖరాల దగ్గర మాత్రం భేదం గట్టిగానే ఉంది. ఆదాయంలో మొదటి ఒక శాతం వర్గంలోకి చేరే అవకాశం దాదాపు ఒకటిన్నర రెట్లయింది. పేరుమోసిన సంస్థల్లో ఉద్యోగం పొందే అవకాశం దాదాపు మూడు రెట్లయింది.

ఈ రెండు అధ్యయనాలను కలిపి చదివితే ఒక సమతూకం దొరుకుతుంది. మంచి ఉద్యోగం, గౌరవప్రదమైన జీవితం లక్ష్యమైతే ఉన్నతశ్రేణి ప్రభుత్వ విశ్వవిద్యాలయం ఆ లక్ష్యాన్ని ఏ లోటూ లేకుండా చేరుస్తుంది. పెద్ద ఆర్థిక సంస్థల వంటి కొన్ని ఇరుకైన ద్వారాల దగ్గర మాత్రం పేరు తాళంచెవిగా పనిచేస్తుంది. ఆ ద్వారాల వైపు నిజంగా అడుగులు వేసే పిల్లలు ఎందరన్నది ప్రతి కుటుంబమూ నిజాయితీగా వేసుకోవలసిన ప్రశ్న. పైగా ఈ అధ్యయనాలు అమెరికాలో చదివి అమెరికాలోనే పనిచేసిన వారికి సంబంధించినవి. వీసా మీద వెళ్ళే దోహా విద్యార్థికి ఉద్యోగానుమతి అన్న మరొక గడప అడ్డు ఉంటుంది. దానిని దాటించే శక్తి ఏ విశ్వవిద్యాలయపు పేరుకూ లేదు.

ముగ్గురు తెలుగువారు, మూడు దారులు

తెలుగువారిలో విశ్వవిఖ్యాతి పొందిన కొందరి విద్యాక్రమం ఈ సందర్భంలో పరిశీలించదగినది. 1937లో నాటి చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించిన దబ్బాల రాజగోపాల రెడ్డి, అనగా రాజ్ రెడ్డి, మద్రాసులోని గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో పట్టా పొందారు. తరువాత ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో చదివారు. ఈ రెండూ ప్రభుత్వ సంస్థలే. ఆపైన ప్రైవేటు సంస్థ అయిన స్టాన్‌ఫర్డులో 1966లో డాక్టరేటు పొంది, 1969 నుండి మరొక ప్రైవేటు సంస్థ అయిన కార్నెగీ మెలన్‌లో కృత్రిమ మేధపై పరిశోధన సాగించారు. 1994లో కంప్యూటర్ శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారాన్ని ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి అందుకున్నారు. దోహాలో శాఖ నడుపుతున్న కార్నెగీ మెలన్ ఆయన పనిచేసిన విశ్వవిద్యాలయమే.

గణాంకశాస్త్రంలో మహామేధావి సి.ఆర్. రావు ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం, కలకత్తా విశ్వవిద్యాలయంలో గణాంకశాస్త్రం చదివారు. ఆయన పేరుతో ప్రసిద్ధమైన క్రామర్–రావు అసమానత 1945లో, ఆయన కేంబ్రిడ్జి డాక్టరేటు పొందడానికి మూడేళ్ళ ముందే వెలువడింది. 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి ఆయనను వరించింది. అదే ఏడాది 102 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ళ మణిపాల్‌లో ఇంజనీరింగ్, విస్కాన్సిన్ రాష్ట్ర విశ్వవిద్యాలయపు మిల్వాకీ శాఖలో స్నాతకోత్తర విద్య చదివారు. ఉద్యోగంలో చేరిన తరువాతనే ప్రైవేటు సంస్థ అయిన షికాగోలో వ్యాపారనిర్వహణ పట్టా పొందారు. 2014లో మైక్రోసాఫ్ట్ సారథి అయ్యారు.

ముగ్గురి కథలతో ఒక సిద్ధాంతం నిరూపితం కాదు. అసాధారణ వ్యక్తులు సాధారణ సూత్రానికి ప్రమాణం కారు. అయినా ఒక క్రమం స్పష్టంగా కనిపిస్తుంది. వీరి తొలి పట్టా ఏ గొప్ప పేరునూ మోయలేదు. పునాది గట్టిగా పడింది. పెద్ద విశ్వవిద్యాలయాలు ఆ తరువాతి మెట్టుపై, ఏం చదవాలో తమకు తెలిసిన వయసులో వచ్చాయి. పరిశోధన స్థాయిలో శాస్త్రవిద్యార్థికి అమెరికా విశ్వవిద్యాలయాలు సాధారణంగా రుసుము మినహాయించి జీవనభృతిని కూడా ఇస్తాయి. పేరు కోసం ఖర్చు పెట్టాలనుకునేవారు మొదటి మెట్టు మీదనే మొత్తం ధనం వెచ్చించడం తొందరపాటు.

గల్ఫ్ కుటుంబపు లెక్క వేరు

ప్రభుత్వ విశ్వవిద్యాలయం చవక, ప్రైవేటు ఖరీదు అన్న లెక్క దోహా కుటుంబానికి అన్నివేళలా వర్తించదు. అమెరికా రాష్ట్ర విశ్వవిద్యాలయాలు ఆ రాష్ట్రవాసులకే చవక. విదేశీ విద్యార్థి దగ్గర అనేక రెట్లు వసూలు చేస్తాయి. మిచిగన్‌లోనో, బర్క్‌లీలోనో విదేశీ విద్యార్థికి అయ్యే ఖర్చు ప్రైవేటు విశ్వవిద్యాలయపు ఖర్చుకు దరిదాపుల్లో ఉంటుంది. అవసరాన్ని బట్టి ఇచ్చే ఆర్థిక సహాయం అక్కడ విదేశీయులకు దొరకడం అరుదు. దీనికి భిన్నంగా హార్వర్డు, యేల్, ప్రిన్స్‌టన్, ఎం.ఐ.టి. వంటి బహుకొద్ది ప్రైవేటు సంస్థలు విదేశీ విద్యార్థి ఆర్థిక స్థితిని చూడకుండా ప్రవేశమిచ్చి, చేరినవారి అవసరం మేరకు సహాయం చేస్తాయి. మధ్యతరగతి బిడ్డకు అందులో ప్రవేశం దొరికితే అది రాష్ట్ర విశ్వవిద్యాలయం కన్నా చవక కావచ్చు. అయితే వంద దరఖాస్తులలో అయిదింటికైనా అక్కడ చోటు దొరకడం కష్టం. ఆ ఆశను ప్రణాళికగా పొరబడకూడదు. ఎడ్యుకేషన్ సిటీలోని శాఖల రుసుము కూడా అమెరికా స్థాయిలోనే ఉంటుంది. కానీ ప్రయాణ, వసతి ఖర్చులు తగ్గుతాయి, అర్హులకు ఖతార్ ఫౌండేషన్ వడ్డీలేని రుణం ఇస్తుంది. అది రుణమేనన్న సంగతి మరువకూడదు.

స్వదేశం వైపు చూస్తే మరొక లెక్క. గల్ఫ్‌లో పనిచేసే భారతీయుల పిల్లలకు ఎన్.ఐ.టి.లలో ప్రత్యేక కోటా ఉంది. దాని క్రింద ప్రవేశం పొందినవారు ప్రవాస భారతీయుల అధిక రుసుము కాక, దేశంలోని విద్యార్థులు చెల్లించే రుసుమే చెల్లిస్తారు. ప్రవేశానికి జె.ఇ.ఇ. మెయిన్ ఆధారం. వరంగల్ ఎన్.ఐ.టి. వంటి సంస్థలో ఈ రుసుముతో చదువు దొరకడం దోహా ఉద్యోగికి అరుదైన వరం. అయినా చాలా కుటుంబాలు పదవ తరగతి కాగానే బిడ్డను హైదరాబాదుకో, విజయవాడకో ఇంటర్మీడియట్‌కు పంపివేస్తాయి. ఈ పథకపు నిబంధనలు విద్యార్థి చివరి రెండేళ్ళు ఎక్కడ చదివాడన్నది కూడా లెక్కలోకి తీసుకుంటాయి. కనుక పంపేముందు ఆ యేటి నిబంధనలు చదవడం తప్పనిసరి. అలాగే ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలోని ప్రభుత్వ కళాశాలల్లో 85 శాతం సీట్లు స్థానికులకే చెందుతాయి. స్థానికత చదువుకున్న చోటును బట్టి నిర్ణయమవుతుంది. దోహాలో పెరిగిన బిడ్డ స్వంత ఊరిలోనే స్థానికేతరుడు కావచ్చు. ప్రభుత్వ విద్య చవకే, కానీ అది ఎవరికి చవక అన్న ప్రశ్న అడగక తప్పదు.

సంస్థ నిలకడ కూడా లెక్కలోనిదే. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ దోహా శాఖ 2020లో ముగిసింది. పశ్చిమాసియాలో పెరిగిన అస్థిరతను కారణంగా చూపుతూ టెక్సస్ ఎ అండ్ ఎం పాలకమండలి, 2028 నాటికి దోహా శాఖను మూసివేయాలని 2024 ఫిబ్రవరిలో తీర్మానించింది. ఈ రెండూ స్వదేశంలో ప్రభుత్వ సంస్థలు కావడం గమనార్హం. ఒక రాష్ట్ర ప్రజలకు జవాబుదారీగా ఉండే సంస్థ దూరదేశపు శాఖను ఎల్లకాలం నడపాలన్న నియమం లేదు. ప్రైవేటు శాఖలు కూడా ఒప్పందాల మీద నిలిచినవే. కనుక విద్యార్థి చేరే శాఖకు ఉన్న ఒప్పందం అతని చదువు ముగిసేవరకైనా నిలుస్తుందా అని ప్రవేశానికి ముందే అడిగి తెలుసుకోవాలి.

పేరు కాక చూడవలసినవి

ప్రైవేటు సంస్థల పక్షాన చెప్పదగిన బలమైన వాదన ఒకటుంది. అక్కడ తరగతులు చిన్నవి. ఆచార్యునికి విద్యార్థి పేరు తెలుస్తుంది. పెద్ద ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో మొదటి ఏడాది పాఠాలు వందలాది విద్యార్థులుండే శాలల్లో జరుగుతాయి. అభ్యాసాలు దిద్దేది పరిశోధక విద్యార్థులు. అడిగి తెలుసుకునే చొరవ లేని బిడ్డ ఆ జనసముద్రంలో కనిపించకుండా పోవచ్చు. ఈ వాదన సత్యమే. అయితే దీనికి జవాబు బిడ్డ స్వభావంలో ఉంది. స్వయంగా తలుపు తట్టగల విద్యార్థికి పెద్ద ప్రభుత్వ విశ్వవిద్యాలయపు ప్రయోగశాలలు నిధి వంటివి. చేయి పట్టుకుని నడిపించవలసిన విద్యార్థికి చిన్న సంస్థ మేలు. ఈ భేదం ఏ ర్యాంకుల పట్టికలోనూ ఉండదు. అది తల్లిదండ్రులకే తెలియాలి.

చదవదలచిన శాస్త్రాన్ని బట్టి కూడా తూకం మారుతుంది. ఇంజనీరింగ్, కంప్యూటర్ శాస్త్రాలలో విద్యార్థి నైపుణ్యాన్ని పనిలోనే పరీక్షించవచ్చు కనుక పేరు పాత్ర పరిమితం. వైద్యంలో అసలు ప్రశ్న పట్టాకు ఏ దేశంలో గుర్తింపు ఉందన్నది. కార్నెల్ దోహాలో ఇచ్చే ఎం.డి. పట్టా న్యూయార్కులో ఇచ్చే పట్టాయే. కానీ ఎక్కడ వైద్యం చేయాలనుకుంటే అక్కడి అర్హతా నిబంధనలను ముందుగా చూడాలి.

ఇంకొక సంగతి చాలా ఇళ్ళలో పైకి చెప్పబడదు. కుమారుని విషయంలో పేరు చూసి, కుమార్తె విషయంలో దూరం చూసి విశ్వవిద్యాలయాన్ని నిర్ణయించే అలవాటు ఉంది. కొడుకు కోసం చేసే అప్పు పెట్టుబడి, కూతురి కోసం చేసే అప్పు ఖర్చు అన్న భావన దీని అడుగున ఉంటుంది. దోహాలోని శాఖలు నాణ్యమైనవే కనుక కుమార్తెకు దగ్గరి చదువు వల్ల నష్టం జరగకపోవచ్చు. కానీ ఆమెకు కావలసిన శాస్త్రం అక్కడ లేనప్పుడు, దగ్గరలో ఉన్నదాన్నే ఆమెకు ఇష్టమైనదిగా చెప్పడం న్యాయం కాదు. తూకపురాళ్ళు ఇద్దరికీ ఒకటే కావాలి.

ఇవన్నీ కలిపి చూసినప్పుడు ఒక నిర్ణయానికి రావచ్చు. ఆర్థిక సహాయంతో వచ్చిన అగ్రశ్రేణి ప్రైవేటు ప్రవేశాన్ని వదులుకోనక్కరలేదు. ఇంట్లో తొలి పట్టభద్రుడు కాబోయే బిడ్డకు అది మరింత ఉపకరిస్తుంది. సహాయం లేకుండా, ఇల్లు కుదువపెట్టి, భవిష్యనిధి కరిగించి, స్నాతకస్థాయిలో పేరు కొనుక్కోవడం మాత్రం శాస్త్రీయ ఆధారం లేని సాహసం. అదే బిడ్డ మంచి ప్రభుత్వ సంస్థలో గట్టి పునాది వేసుకుంటే, పెద్ద పేరు స్నాతకోత్తర స్థాయిలో తక్కువ ధరకు, కొన్నిసార్లు ఉచితంగానే దొరుకుతుంది. అప్పటికి తల్లిదండ్రుల కూడబెట్టు చెక్కుచెదరకుండా ఉంటుంది; బిడ్డ తన కాళ్ళ మీద నిలబడి ఉంటాడు.

పదవ తరగతి పూర్తయ్యే నాటికే ప్రతి కుటుంబమూ బిడ్డతో కూర్చుని నాలుగు విషయాలు కాగితం మీద పెట్టడం మంచిది: ఇష్టమైన శాస్త్రం, బిడ్డ స్వభావం, అప్పు లేకుండా భరించగల మొత్తం, పట్టా చెల్లవలసిన దేశం. ఈ నాలుగూ తేలిన తరువాత విశ్వవిద్యాలయాల పేర్లు రాసుకోవాలి. పేర్లు ముందు రాసి, మిగిలిన నాలుగింటినీ వాటికి సరిపెట్టబోయినప్పుడే ఖర్చూ, నిరాశా రెండూ పెరుగుతాయి.